మంత్రిగా ప్రమాణం జూన్ 12న, ఎమ్మెల్యేగా జూన్ 21న: ప్రభుత్వం, సభ ఒకే రోజు ఎందుకు మొదలవవు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

గ్రూప్-2 పాలిటీ చదివే గుంటలు తరచూ అడిగే ప్రశ్న ఇది. పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది తప్ప ఒక్కచోట జవాబు కనపడలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

2024లో టెక్కలి నుంచి అచ్చెన్నాయుడు గారు, గజపతినగరం నుంచి కొండపల్లి శ్రీనివాస్ గారు, సాలూరు నుంచి గుమ్మిడి సంధ్యారాణి గారు మంత్రులుగా ప్రమాణం చేసింది జూన్ 12న. కొత్త శాసనసభ మొదటిసారి కూర్చున్నది జూన్ 21న. మధ్యలో తొమ్మిది రోజులు వాళ్లు మంత్రులే, కానీ ఎమ్మెల్యేగా ప్రమాణం చెయ్యలేదు. మన ఎంపీ రామ్మోహన్ నాయుడు గారిదీ అదే వరస. జూన్ 9న కేంద్రమంత్రి అయ్యారు, లోక్‌సభ మొదలైంది జూన్ 24న.

అమెరికాలో చూస్తే ఇది తిరగబడి ఉంది. అక్కడ కాంగ్రెస్ జనవరి 3న, అధ్యక్షుడు జనవరి 20న. సభ ముందు, ప్రభుత్వం తర్వాత.

అడిగేది రెండే. ఇద్దరికీ ఒకే తేదీ పెట్టేస్తే ఏటి నష్టం? ఇంకోటి, ముఖ్యమంత్రి అయిదేళ్లు జూన్ 12 నుంచి లెక్కపెట్టాలా, 21 నుంచా?

గంటస్తంభం (విజయనగరం)

రెండోది ముందు తేల్చుకుంటే మొదటిది సగం తేలిపోతుంది. ముఖ్యమంత్రికి అయిదేళ్ల పదవీకాలం అని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయిదేళ్లు సభకే. 172వ అధికరణం ప్రకారం, ముందే రద్దు చెయ్యకపోతే, శాసనసభ మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి అయిదేళ్లు నడుస్తుంది. లోక్‌సభకు ఇదే మాట 83లో ఉంది. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, సభ విశ్వాసం ఉన్నంతకాలం ఆయన ఉంటారు. అంతే. 12 నుంచా 21 నుంచా అన్న మీ లెక్క సభకు వేస్తే 21 నుంచి వెయ్యాలి. ముఖ్యమంత్రికి అసలు వెయ్యక్కర్లేదు.

మన చరిత్రే రుజువు. 1994 డిసెంబర్‌లో ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయ్యారు, 1995 సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు వచ్చారు. సభ అదే సభ. 2009లో ఎన్నికైన సభ వై.ఎస్.రాజశేఖరరెడ్డిని, రోశయ్యను, కిరణ్‌కుమార్ రెడ్డిని ముగ్గురినీ చూసింది. ఎవరు మారినా సభ గడియారం ఆగలేదు, మళ్లీ మొదటినుంచి తిరగనూ లేదు.

అందుకని "రెండు పదవీకాలాలు వేర్వేరు తేదీల్లో మొదలవుతాయి" అన్న వాక్యం అమెరికాకే సరిగ్గా అతుకుతుంది. అక్కడ ఇద్దరికీ గడువు రాసిపెట్టి ఉంది. మన దగ్గర ఒక గడువు, ఒక నియామకం ఉన్నాయి.

ఇక ముందు ప్రభుత్వం, తర్వాత సభ ఎందుకంటే, సభను పిలవాలి కదా. పిలిచేవాళ్లు లేకుండా పేరంటం ఎక్కడిది? 174 కింద సభను సమావేశపరిచేది గవర్నర్, ఆయన ఆ పని చేసేది మంత్రివర్గం సలహా మీద. ఓడిపోయి ఆపద్ధర్మంగా ఉన్న పాత మంత్రివర్గం కొత్త సభకు తేదీ పెట్టడం ఎవరికీ బాగుండదు. కొత్త మంత్రివర్గం రావాలి, అది తేదీ చెప్పాలి. ఆ తేదీ నుంచే సభ అయిదేళ్లు మొదలవుతుంది.

2024లో పని నడిచిన వరస చూడండి. జూన్ 4న లెక్కింపు. ఒక్కో నియోజకవర్గంలో రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించి, గెలిచిన వ్యక్తికి ఫారం 22లో ధ్రువీకరణ పత్రం ఇస్తారు. ఆ ప్రకటన తేదీయే ఎన్నికైన తేదీ. తర్వాత ఎన్నికల సంఘం గెలిచినవాళ్లందరి పేర్లతో ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 73 కింద నోటిఫికేషన్ ఇస్తుంది. అది వెలువడగానే సభ ఏర్పడినట్టు. ఇంకా కూర్చోలేదు, అయినా చట్టం దృష్టిలో సభ ఉంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఎమ్మెల్యే కావడానికి ప్రమాణం అక్కర్లేదు, సభలో కూర్చుని ఓటెయ్యడానికి కావాలి. 188 కింద ప్రమాణం చెయ్యకుండా కూర్చున్నా, ఓటేసినా 193 కింద రోజుకు 500 రూపాయల జరిమానా. మంత్రిగా సంతకం పెట్టడానికి ఎమ్మెల్యే ప్రమాణం అడ్డం కాదు, మంత్రి ప్రమాణం వేరు, గోప్యతా ప్రమాణం వేరు, అవి రెండూ గవర్నర్ చేయిస్తారు.

అసలు సభ్యుడే కానివాణ్ణి కూడా మంత్రిని చెయ్యొచ్చు, 164(4) ప్రకారం ఆరు నెలలు. ఆలోగా ఏదో ఒక సభలో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. ఒకరోజు రాజీనామా చేయించి మళ్లీ ఇంకో ఆరు నెలలు ఇవ్వడం కుదరదని 2001లో ఎస్.ఆర్.చౌదరి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

జూన్ 12న మంత్రివర్గం వచ్చింది, సభకు జూన్ 21 పెట్టారు. కొత్త స్పీకర్‌ను ఎన్నుకునేదాకా సభ్యుల చేత ప్రమాణం చేయించడానికి గోరంట్ల బుచ్చయ్య చౌదరిని ప్రొటెం స్పీకర్‌గా నియమించారు. సభ్యులు ప్రమాణాలు చేశాక, 22న అయ్యన్నపాత్రుడు స్పీకర్ అయ్యారు. 179లో ఒక చిన్న ఏర్పాటు ఉంది, పరీక్షల్లో వదిలేస్తారు కానీ ముచ్చటైనది. సభ రద్దయినా పాత స్పీకర్ పదవి పోదు, కొత్త సభ మొదటి సమావేశానికి సరిగ్గా ముందుదాకా ఉంటుంది. సభ ఖాళీ అయినా కుర్చీ ఖాళీ కాదన్నమాట.

వంశధార (నరసన్నపేట)

అమెరికా సంగతి నేను రాస్తాను. అక్కడ ఆ పదిహేడు రోజుల తేడా అనుకోకుండా పడింది కాదు, కావాలని పెట్టుకున్నది. మొదట ఇద్దరికీ ఒకే తేదీ ఉండేది, మార్చి 4. దాంతో నూట నలభై ఏళ్లకు పైగా పడ్డ ఇబ్బందులే 20వ సవరణకు దారితీశాయి. "ఒకే తేదీ పెడితే ఏటి నష్టం" అన్న మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మార్చి 4 ఎలా వచ్చిందంటే, 1788 సెప్టెంబర్‌లో పాత కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది, కొత్త ప్రభుత్వం వచ్చే మార్చి మొదటి బుధవారం పని మొదలుపెట్టాలని. 1789లో ఆ బుధవారం మార్చి 4న పడింది. నిజానికి ఆ రోజు కోరం లేదు. ప్రతినిధుల సభకు ఏప్రిల్ 1న, సెనేట్‌కు ఏప్రిల్ 6న కోరం కుదిరింది. వాషింగ్టన్ ప్రమాణం ఏప్రిల్ 30న. అయినా అందరి గడువూ మార్చి 4 నుంచే లెక్కించారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రాజ్యాంగం కాంగ్రెస్‌ను ఏటా డిసెంబర్ మొదటి సోమవారం కూర్చోమంది. ఎన్నిక నవంబర్‌లో. గడువు మార్చిలో. ఈ మూడూ కలిపి చూడండి. నవంబర్‌లో ఓడిపోయినవాళ్లు డిసెంబర్‌లో వచ్చి మార్చి దాకా చట్టాలు చేస్తారు. గెలిచినవాళ్లు, మధ్యలో అధ్యక్షుడు ప్రత్యేకంగా పిలిస్తే తప్ప, మరుసటి ఏడు డిసెంబర్‌దాకా సభ ముఖం చూడరు. అంటే ఎన్నికైన పదమూడు నెలలకు. 1930 నవంబర్‌లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు బొటాబొటీ ఆధిక్యం వచ్చింది. సభ 1931 డిసెంబర్‌లో కూర్చునేలోపు గెలిచినవాళ్లలో పలువురు చనిపోయి, ఉప ఎన్నికలు జరిగి, ఆధిక్యం డెమొక్రాట్ల వైపు తిరిగిపోయింది. స్పీకర్ కుర్చీ కూడా వాళ్లదే అయింది. ఓటర్లు ఇచ్చిన తీర్పు ఒకటి, సభ కూర్చున్నప్పటి బలాబలాలు ఇంకొకటి.

అంతకన్నా పెద్ద ప్రమాదం అధ్యక్షుడి ఎన్నికలో ఉంది. ఎవరికీ ఎలక్టర్ల (అధ్యక్షుడికి ఓటెయ్యడానికి రాష్ట్రాలవారీగా ఎంపికైనవాళ్ల) ఓట్లలో సగానికి మించి రాకపోతే ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. ఏ సభ? ఇద్దరి గడువూ ఒకే రోజు మొదలైతే, ఆ రోజుకు ముందు ఉండేది పాత సభే. 1801లో జెఫర్సన్‌కు, బర్‌కు చెరి 73 ఓట్లు వచ్చి సమానమయ్యాయి. తేల్చాల్సింది అప్పటికే ఓడిపోయిన ఫెడరలిస్టుల ఆధిక్యం ఉన్న సభ. రాష్ట్రానికి ఒక ఓటు, పదహారు రాష్ట్రాల్లో తొమ్మిది కావాలి. జెఫర్సన్‌కు ఎనిమిదే వస్తూ ముప్ఫై అయిదు సార్లు ఓటింగ్ జరిగింది, ఫిబ్రవరి 17న ముప్ఫై ఆరోసారి తేలింది. మార్చి 4కు రెండు వారాలే మిగిలాయి. 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను ఎన్నుకున్నదీ దిగిపోతున్న సభే.

అందుకని నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్ ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించిన 20వ సవరణలో సభ తేదీని ముందుకు జరిపి, అధ్యక్షుడి తేదీని దాని వెనక పెట్టారు. ఎన్నుకోవాల్సి వస్తే ఎన్నుకునేవాళ్లు కొత్తవాళ్లే కావాలన్నది లెక్క. ఇప్పటి వరస ఇది: జనవరి 3 మధ్యాహ్నం 12 గంటలకు కొత్త కాంగ్రెస్, జనవరి 6న రెండు సభలూ కలిసి ఎలక్టర్ల ఓట్లు లెక్కించడం, జనవరి 20 మధ్యాహ్నం 12కు కొత్త అధ్యక్షుడు. జనవరి 6 మాత్రం చట్టంలో ఉన్న తేదీ, రాజ్యాంగంలోది కాదు, కలిపి రాయకండి. 6న ఎవరికీ మెజారిటీ లేదని తేలితే మిగిలే రెండు వారాల్లో ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి, సెనేట్ ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. అప్పటికీ అధ్యక్షుడు తేలకపోతే ఎన్నికైన ఉపాధ్యక్షుడు ఆ పని చూస్తాడు. ఆయనా లేకపోతే 1947 వారసత్వ చట్టం ప్రకారం స్పీకర్ వంతు.

ఇక్కడో లొసుగు మిగిలింది. స్పీకర్ ఎన్నికయ్యేదాకా ప్రతినిధుల సభ సభ్యుల చేత ప్రమాణం కూడా చేయించలేదు. 2023 జనవరి 3న మొదలైన స్పీకర్ ఎన్నిక పదిహేనో రౌండులో, 7వ తేదీకి గానీ తేలలేదు. అది అధ్యక్ష ఎన్నికల తర్వాతి జనవరి కాదు గనక సరిపోయింది. అదే 2025లో జరిగి ఉంటే 6వ తేదీ లెక్కింపుకు సభే తయారుగా ఉండేది కాదు. పదిహేడు రోజులు చూడ్డానికి ఎక్కువే, ఒక్కో మెట్టు దగ్గర రెండు మూడు రోజులు జారితే ఏమీ మిగలవు.

మారేటప్పుడు కోత ఎవరికి పడిందో కూడా అడుగుతారు. సవరణ ఆమోదం పూర్తయింది 1933 జనవరి 23న, కానీ తేదీల నిబంధనలు అమల్లోకి వచ్చింది ఆ ఏడు అక్టోబర్ 15న. అందుకే బ్యాంకులు మూతపడుతున్న ఆ చలికాలంలో కూడా రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4 దాకా ఆగాల్సే వచ్చింది. కొత్త తేదీన మొదలైన తొలి కాంగ్రెస్ 1935 జనవరి 3న. అధ్యక్షుడిది 1937 జనవరి 20న. రూజ్‌వెల్ట్ మొదటి గడువు 43 రోజులు తగ్గిపోయింది.

ఇంకో మాట. గడువు ప్రమాణంతో మొదలవదు, గడియారంతో మొదలవుతుంది. జనవరి 20 ఆదివారం వస్తే ఆ రోజు లోపల ప్రమాణం చేసి, జనం ముందు వేడుక 21న పెట్టుకుంటారు. 1985లో, 2013లో అలాగే చేశారు.

నాగావళి_గట్టు

గంటస్తంభం గారూ, వంశధార మాస్టారూ, చాలా బాగా విప్పారు. నాకు అర్థమైంది ఏటంటే, అక్కడ సభ అధ్యక్షుణ్ణి తేల్చాల్సి రావొచ్చు గనక సభ ముందు, ఇక్కడ సభను ప్రభుత్వం పిలవాలి గనక ప్రభుత్వం ముందు. అంతేనా?

అలాగైతే మన రాష్ట్రపతి? ఆయన్ని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. మరి జులై 25 అనే తేదీ ఎక్కడనుంచి వచ్చింది? లోక్‌సభతో దానికి పొంతనే లేదే.

వంశధార (నరసన్నపేట)

అంతే, ఒక్క మెలిక కలుపుకోండి. మన దగ్గర అమెరికా అధ్యక్షుడితో పోల్చాల్సింది ముఖ్యమంత్రిని కాదు, రాష్ట్రపతిని. ఆయనకే గడువుంది. 56వ అధికరణం ప్రకారం పదవి చేపట్టిన తేదీ నుంచి అయిదేళ్లు. ఆయన విషయంలో మనమూ అమెరికా వరసే పాటించాం, ఎన్నుకునే సభలు ముందు, ఎన్నికయ్యే వ్యక్తి తర్వాత.

1952లో రెండూ ఒకే రోజు మొదలయ్యాయి తెలుసా? మొదటి లోక్‌సభ, రాజ్యసభ తొలిసారి కూర్చున్నది మే 13న. ఎన్నికైన రాష్ట్రపతిగా రాజేంద్రప్రసాద్ ప్రమాణం చేసిందీ మే 13నే. సభ్యులు అప్పటికే ఎన్నికై ఉన్నారు గనక ఆ నెల మొదట్లోనే ఓటేసేశారు. పైన గంటస్తంభం గారు చెప్పిందే, ఎన్నికైతే చాలు, సభ కూర్చోనక్కర్లేదు.

అక్కడినుంచి రెండు గీతలూ విడిపోయాయి. లోక్‌సభను అయిదేళ్లు నిండకముందే రద్దు చేస్తూ వచ్చారు, తొలి సమావేశం 1957లో మే 10కి, 1962లో ఏప్రిల్ 16కి, 1967లో మార్చి 16కి జరిగింది. రాష్ట్రపతిది మాత్రం 57లో, 62లో, 67లో మే 13నే నిలబడింది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగా చనిపోయారు. ఎన్నికలో గెలిచి వి.వి.గిరి ఆగస్టు 24న వచ్చారు. 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన గిరి గారే. 62(2) ప్రకారం ఖాళీలో ఎన్నికైన రాష్ట్రపతికి మిగిలిన కాలం కాదు, పూర్తి అయిదేళ్లు. దాంతో తేదీ ఆగస్టు 24కు మారింది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 1974లో ఆ తేదీకే వచ్చారు, 1977 ఫిబ్రవరి 11న చనిపోయారు. ఆ తర్వాత నీలం సంజీవరెడ్డి 1977 జులై 25న. అప్పటినుంచి ఎవరూ మధ్యలో వెళ్లలేదు గనక తేదీ అక్కడే ఆగింది. జులై 25కు ఏ చట్టంలోనూ చోటు లేదు. రేపు మధ్యలో ఖాళీ వస్తే అదీ మారిపోతుంది.

అమెరికాలో ఇలా జారదు. అధ్యక్షుడు చనిపోతే ఉపాధ్యక్షుడు వస్తాడు, మిగిలిన కాలమే, మళ్లీ జనవరి 20. అక్కడ తేదీకి మేకు కొట్టారు, మన దగ్గర వ్యవధికి కొట్టారు.

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

పై వాళ్లు చెప్పినవన్నీ పెద్ద సభల సంగతి. మన ఊళ్లలో ఈ తేదీల గోల ఇంకా ముదిరి ఉంది, దాన్ని వదిలెయ్యకండి.

243ఇ ప్రకారం పంచాయతీకి మొదటి సమావేశం తేదీ నుంచి అయిదేళ్లు. మున్సిపాలిటీకి 243యు, అదే మాట. శాసనసభకు, వీటికి ఒక తేడా ఉంది. అత్యవసర పరిస్థితిలో పార్లమెంటు శాసనసభ కాలాన్ని ఒక్కోసారి ఏడాది చొప్పున పొడిగించగలదు, స్థానిక సంస్థకు అది లేదు. అయిదేళ్లు అయితే అయిపోయినట్టే. ఎన్నిక సమయానికి జరగకపోతే ప్రత్యేకాధికారి వస్తాడు. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 1తో సర్పంచుల కాలం ముగిసింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో జరిగాయి. ఆ మధ్యంతా ప్రత్యేకాధికారులే. కొత్తవాళ్లు ఏప్రిల్ 3న పాలన చేపట్టారు, కాబట్టి వాళ్ల గడువు 2026 ఏప్రిల్ 2. ఆగస్టు తేదీ పోయి ఏప్రిల్ తేదీ వచ్చింది.

ఎంపీటీసీ, జడ్పీటీసీలది ఇంకా వింత. పోలింగ్ 2021 ఏప్రిల్ 8న. కోర్టు కేసులవల్ల పెట్టెలు తెరిచింది సెప్టెంబర్ 19న. ఎంపీపీల ఎన్నిక 24న, జడ్పీ ఛైర్‌పర్సన్ల ఎన్నిక 25న. జనం ఓటేసిన తేదీకి, గడువు మొదలైన తేదీకి అయిదు నెలల పైన ఎడం. ఓటేసిన రోజునుంచి లెక్కపెట్టి "వీళ్లది అయిపోయింది" అని వాదించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మున్సిపాలిటీలది మార్చి 10 పోలింగ్, 14 లెక్కింపు, 18న మేయర్, ఛైర్‌పర్సన్ల ఎన్నిక. విజయనగరం కార్పొరేషన్, మా బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, నెల్లిమర్ల ఆ వరసలోవే. శ్రీకాకుళం నగరంలో ఆ విడత ఎన్నికే జరగలేదు. అంటే పక్కపక్క పట్టణాలకే ఒకే తేదీ లేదు. ఒక పల్లెటూరి మనిషికి సర్పంచ్ ఒక తేదీన, ఎంపీటీసీ ఇంకో తేదీన, ఎమ్మెల్యే వేరే తేదీన దిగుతారు.

మీ మొదటి ప్రశ్నకు దగ్గరైన ముక్క ఒకటుంది. సర్పంచ్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, వార్డు సభ్యులతో కలిపి ఒకే గడువు. ఎంపీపీని, మేయర్‌ని మాత్రం గెలిచిన సభ్యులు ఎన్నుకుంటారు. కాబట్టి ఎంపీపీ విషయంలో ముందు సభ కూర్చుంటుంది, ఆ సమావేశంలోనే అధ్యక్షుడు పుడతాడు. ముఖ్యమంత్రిలాగా ముందు ప్రమాణం చేసి సభను పిలవడం ఉండదు, ఎందుకంటే ఆ మొదటి సమావేశాన్ని పిలిచేది అధికారి. పిలిచేవాడు బయట ఉంటే సభ ముందు రావొచ్చు. శాసనసభకు అలా పిలిచే బయటివాడు లేడు, గవర్నర్ ఉన్నా ఆయనకు మంత్రివర్గం సలహా కావాలి.

గంటస్తంభం (విజయనగరం)

వీణ గారి చివరి ముక్క అసలైన సంగతి. ఇంకో సభ మిగిలిపోయింది, శాసన మండలి. అది రద్దు కాదు, రెండేళ్లకోసారి మూడో వంతు దిగుతారు. మన శ్రీకాకుళం-విజయనగరం-విశాఖపట్నం పట్టభద్రుల సీటు, ఉపాధ్యాయుల సీటు రెండూ మార్చి 29నే ఖాళీ అవుతాయి, ఏళ్లు వేరు. పట్టభద్రులది 2023లో అయింది, ఉపాధ్యాయులది 2025లో. మండలిని 2007 మార్చి 30న తిరిగి ఏర్పాటు చేశారు గనక ఆ తేదీ అలా అంటుకుపోయింది. మొదట్లో కొందరికి రెండేళ్లు, కొందరికి నాలుగు, కొందరికి ఆరు ఇచ్చి విడదీశారు, అప్పటినుంచి అందరికీ ఆరేళ్లే.

తేదీలు కలవకపోవడం వల్ల నిజంగా దెబ్బ తగిలేది ఇక్కడే, తొమ్మిది రోజుల మంత్రుల దగ్గర కాదు. 2019లో శాసనసభలో 175కి 151 గెలిచిన ప్రభుత్వానికి మండలిలో బలం లేదు, పాత కాలపు సభ్యులు తెలుగుదేశం వాళ్లు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు అక్కడ ఆగాయి. ఆ నెల 27న మండలినే రద్దు చెయ్యమని శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది, 2021 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. 2024లో బల్ల తిరిగింది, శాసనసభ ఒకరిది, మండలి ఇంకొకరిది. నన్నడిగితే అది లోపం కాదు, ఒక్క ఎన్నికతో అన్నీ చేజిక్కకుండా పెట్టిన అడ్డుకట్ట. దానివల్ల విసుగు పుట్టేది అధికారంలో ఉన్నవాళ్లకే.

తోటపల్లి_కాలువ (పార్వతీపురం)

జమిలి ఎన్నికల బిల్లు వస్తే ఇవన్నీ ఒకే తేదీకి వచ్చేస్తాయా?

గంటస్తంభం (విజయనగరం)

సభలు వస్తాయి, ప్రభుత్వాలు రావు. 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో పెట్టిన 129వ సవరణ బిల్లులో ఏముందంటే, సాధారణ ఎన్నికల తర్వాత లోక్‌సభ తొలి సమావేశం రోజున రాష్ట్రపతి ఒక తేదీ ప్రకటించవచ్చు. ఆ తేదీ తర్వాత జరిగే ఎన్నికల్లో ఏర్పడ్డ శాసనసభలన్నీ లోక్‌సభ అయిదేళ్లు నిండినప్పుడే ముగుస్తాయి. మధ్యలో సభ రద్దయితే వచ్చే కొత్త సభకు పూర్తి అయిదేళ్లు ఉండవు, మిగిలిన కాలమే. అంటే ఇప్పుడు ఉప ఎన్నికలో గెలిచిన ఎమ్మెల్యేకు ఉన్న పద్ధతిని మొత్తం సభకు వర్తింపజేస్తున్నారు. మంత్రివర్గం ఎప్పుడు ప్రమాణం చెయ్యాలన్నది ఆ బిల్లు ముట్టుకోలేదు. మండలి, రాజ్యసభ కూడా అందులో లేవు.

మధ్యలో రద్దు చేస్తే ఇప్పుడు ఎంత దూరం జరుగుతుందో తెలంగాణ చూస్తే తెలుస్తుంది. 2014లో మనతోపాటే ఎన్నికలు. 2018 సెప్టెంబర్ 6న సభ రద్దు చేశారు. డిసెంబర్ 13న కేసీఆర్ ప్రమాణం, సభ తొలి సమావేశం 2019 జనవరి 17న. ప్రభుత్వానికీ సభకూ మధ్య అయిదు వారాలు! దాంతో వాళ్ల గడువు 2024 జనవరి 16కు వెళ్లింది, ఎన్నికలు మనకంటే ముందే 2023 నవంబర్‌లో వచ్చేశాయి.

నాగావళి_గట్టు

చివరి ప్రశ్న. మొదటి సమావేశం ఎంత ఆలస్యం చేస్తే సభ అంత ఆలస్యంగా ముగుస్తుంది కదా. దాన్ని వాడుకుని గడువు సాగదీసుకోవచ్చా?

గంటస్తంభం (విజయనగరం)

కొన్ని రోజులు, మహా అయితే వారాలు. ఎక్కువ సాగదు. ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలేది సభలోనే, బడ్జెట్ సభలోనే పాసవ్వాలి, మంత్రి అయిన సభ్యేతరుడి ఆరు నెలలు కరుగుతూ ఉంటాయి. ఆలస్యం చేసిన ప్రభుత్వానికే మొదట ఇరుకు.

లెక్క వేసేటప్పుడు ఒక రోజు తేడా రాకుండా చూసుకోండి. జూన్ 21న మొదలైతే అయిదేళ్లు ముగిసేది జూన్ 21న కాదు, 20న. 2014 జూన్ 19న మొదలైన సభ గడువు 2019 జూన్ 18. 2019 జూన్ 12న మొదలైనదాని గడువు 2024 జూన్ 11. ఇప్పటిది, మధ్యలో రద్దు కాకపోతే, 2029 జూన్ 20. లోక్‌సభది 2029 జూన్ 23. మూడు రోజుల తేడా ఉన్నా రెండు ఎన్నికలూ ఒకేసారి పెట్టొచ్చు, ఎందుకంటే గడువు ముగియడానికి ముందు ఆరు నెలల్లో ఎప్పుడైనా నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 14, 15 సెక్షన్లు చూడండి, 14 లోక్‌సభకు, 15 శాసనసభకు.